స్టవ్ మీద స్ట్రాంగ్ కాఫీ: ఫిల్టరా, మోకా పాటా, ఇంట్లో ఉన్న గిన్నె చాలా?

పోయిన నెల మా బావమరిది కొండాపూర్‌లో కొత్త ఫ్లాట్‌లోకి మారాడు, పాలు పొంగించిన మర్నాడే ఫోను, "బావా, ఇంట్లో స్ట్రాంగ్ కాఫీ పడాలి, మెషీన్ కొనే బడ్జెట్ లేదు, స్టవ్ మీద అయ్యేదేదైనా చెప్పు" అని. ఒక్క ముక్కలో తేల్చేద్దాం అనుకున్నా గానీ అరగంట మాట్లాడినా తేలలేదు, ఎందుకంటే వాడికి స్ట్రాంగ్ అంటే ఒకటి, వాళ్ళావిడకి ఇంకోటి, నాకు మరోటి. ఈ ఏడెనిమిదేళ్ళలో నేను కొన్నవి, కొని అటకెక్కించినవి అన్నీ కిందికి దించితే చిన్న స్టీల్ సామాన్ల కొట్టు పెట్టొచ్చు, మా ఆవిడ వారానికోసారైనా ఈ మాట అంటది. సరే, పోయిన డబ్బులు ఎలాగూ పోయాయి, ఇంకొకళ్ళవైనా మిగుల్తాయి కదా అని రాస్తున్నా.

ముందు తేల్చుకోవాల్సింది స్ట్రాంగ్ అంటే మీ లెక్కలో ఏంటి అని. మనోళ్ళు ఈ ఒక్క మాటని మూడు రకాలుగా వాడతారు. పాలు పోశాక కూడా రంగు దిగిపోకుండా నాలిక మీద నిండుగా ఉంటే స్ట్రాంగ్ అంటారు కొందరు, అది చిక్కదనం. గొంతులో చేదు పట్టుకుంటేనే స్ట్రాంగ్ అంటారు ఇంకొందరు. నైట్ షిఫ్ట్ వాళ్ళకి, పరీక్షల పిల్లలకి అయితే నిద్ర రాకపోతేనే స్ట్రాంగ్, అంటే కెఫీన్. ఈ మూడూ కలిసి రావాలని రూలేం లేదు. చికోరీ సంగతే చూడండి, అదసలు కాఫీ గింజే కాదు, ఒక మొక్క వేరుని ఎండబెట్టి వేయించి పొడి కొడతారు, అందులో కెఫీన్ సున్నా. కానీ రంగిస్తది, చిక్కదనం ఇస్తది, చేదూ ఇస్తది. సగానికి సగం చికోరీ ఉన్న పొడితో తారులాంటి డికాక్షన్ దించుకుని "అబ్బ, ఏం స్ట్రాంగ్ రా" అనుకుంటూ తాగి పది నిమిషాల్లో గురక పెట్టేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు, పేరు చెప్తే గొడవ.

గింజల్లో కూడా తేడా ఉంది. అరబికాలో బరువు మీద ఇంచుమించు 1.2 శాతం కెఫీన్ ఉంటే రోబస్టాలో 2.2 దాకా ఉంటుంది, దాదాపు డబుల్. 15 గ్రాముల పొడి వేశారనుకోండి, అరబికా అయితే అందులో ఉన్న కెఫీన్ 180 మిల్లీగ్రాములు, రోబస్టా అయితే 330, అంతా కప్పులోకి దిగదు గానీ ఎక్కువ భాగం దిగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 400 మిల్లీగ్రాములు, కడుపుతో ఉన్నవాళ్ళకి 200 దాటొద్దు అని డాక్టర్లు మామూలుగా చెప్పే లెక్క, దాన్ని పెట్టుకుని చూస్కోండి. కాబట్టి మీకు కావాల్సింది నిద్ర పోగొట్టడమే అయితే సామాన్లేం కొనక్కర్లేదు, పొడిలో రోబస్టా పెంచండి చాలు. రుచీ చిక్కదనమూ కావాలంటేనే మిగతాది చదవండి.

నా తీర్పు ముందే చెప్పేస్తా, ఎవరి టైమూ వేస్ట్ కాకుండా. పాలతో తాగే ఇంటికి మన మామూలు స్టీల్ ఫిల్టరే. బ్లాక్‌గా తాగేవాళ్ళకి, పొద్దున లేచిన పావుగంటలో కాఫీ చేతిలో ఉండాలనే వాళ్ళకి మోకా పాట్, అంటే అడుగున కాగే నీళ్ళని ఆవిరి తోపుడుతో పొడి గుండా పైకి పంపే చిన్న కూజా. మిగతావన్నీ సరదాకి, లేదా చుట్టాలొచ్చినప్పటికి.

ఫిల్టర్ గురించి. నిక్కచ్చిగా అంటే ఇది స్టవ్ మీద చేసేది కాదు, స్టవ్ మీద నీళ్ళే కాగుతాయి, మిగతా పని నీళ్ళ బరువే చేసుకుంటుంది. పై గిన్నెలో పొడి, దాని మీద కాడ ఉన్న చిల్లుల బిళ్ళ, ఆపైన మరిగిన నీళ్ళు, కింద గిన్నెలోకి చుక్క చుక్కగా డికాక్షన్. ఇంత పాతకాలం వస్తువుని ఎందుకంత నెత్తినెట్టుకుంటున్నా అంటే లెక్క చూడండి. నేను వేసేది 25 గ్రాముల పొడి, అంటే గోపురంలా తీసిన పెద్ద చెంచాలు మూడో నాలుగో, నీళ్ళు 150 మిల్లీలీటర్లు. పొడి తన బరువుకి ఇంచుమించు రెండింతల నీళ్ళు పట్టేసుకుంటుంది కాబట్టి కిందికి దిగేది 100. అదే మూడు కప్పుల మోకా పాట్‌లో 15 నుంచి 17 గ్రాముల పొడికి 150 దాకా నీళ్ళు పడతాయి, పైకొచ్చేది 120 పైన ఉంటుంది. ఏది చిక్కన? మొదటి డికాక్షన్ ఫిల్టర్‌దే. ఈ మాటంటే మోకా అభిమానులు కర్రలు తీసుకుని వస్తారు గానీ తక్కువ నీళ్ళు ఎక్కువ పొడి, అంతే కదా స్ట్రాంగ్ అంటే.

దీంతో వచ్చే చిక్కల్లా టైము. పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది, కొన్ని పొడులకి అరగంట. అందుకే మా అమ్మ రాత్రి గిన్నెలు తోమేశాక చివరి పనిగా ఫిల్టర్ వేసి పడుకునేది, పొద్దున్నే డికాక్షన్ రెడీగా ఉండేది. నేనూ అదే చేస్తా, ఎండాకాలంలో మాత్రం పొద్దున్నే లేచి కింద గిన్నె ఫ్రిజ్‌లో పెడతా. చల్లారిన డికాక్షన్‌ని నేరుగా మంట మీద పెట్టకండి, ఒక్కసారి మరిగిందంటే చేదెక్కిపోతుంది, పాలని బాగా పొంగనిచ్చి వాటి వేడితోనే సరిపెట్టండి. మరీ చల్లగా ఉంటే వేడి నీళ్ళ గిన్నెలో రెండు నిమిషాలు నిలబెట్టండి.

ఇంకో చిక్కు, దిగకపోవడం. కొత్తగా ఫిల్టర్ కొన్నవాళ్ళందరూ ఒకరోజు పొద్దున్నే మూత తీసి చూస్తే నీళ్ళు పైన పైనే ఉంటాయి, అప్పటికే ఆఫీస్ టైమ్ అయిపోతుంటుంది, బీపీ లేస్తుంది. కారణాలు మూడు. పొడి మరీ మెత్తగా ఉండటం లేదా చికోరీ ఎక్కువవడం ఒకటి, చికోరీ నీళ్ళు తగలగానే ఉబ్బి మెత్తగా పేరుకుంటుంది. చిల్లులు పూడుకుపోవడం రెండోది, దీనికి మా అమ్మమ్మ మందు ఒకటే, ఖాళీ పై గిన్నెని పట్టకారుతో పట్టుకుని అడుగుభాగం గ్యాస్ మంట మీద కాల్చడం, ఇరుక్కున్న పొడి బూడిదై రాలిపోతుంది, చల్లారాక కడిగేయడమే. మూడోది ఎవరూ చెప్పరు, రెండు గిన్నెలు మరీ బిగుతుగా కూర్చుంటే కింద గిన్నెలో గాలి బయటికి పోలేక డికాక్షన్ ఆగిపోతుంది, పై గిన్నెని కొంచెం ఎత్తి మళ్ళీ పెడితే జలజలా మొదలవుతుంది. స్పూన్‌తో టకటకా కొట్టడం వల్ల పక్కింటోళ్ళు లేవడం తప్ప ఏం జరగదు.

కొనేటప్పుడు సైజ్ దగ్గర తప్పు చేయకండి. పెద్దదైతే చుట్టాలొచ్చినా పనికొస్తుందిలే అని నేను పెద్దది కొన్నా, ఇద్దరికి రెండు మూడు చెంచాల పొడి వేస్తే అడుగున పల్చటి పొరలా పడేది, నీళ్ళు జర్రున దిగిపోయేవి, కాఫీ కాదు కదా కాఫీ కడిగిన నీళ్ళు. ఇద్దరుంటే చిన్నదే కొనండి, పొడి కనీసం పై గిన్నెలో మూడో వంతైనా ఉండాలి. బేగంబజార్‌లో గానీ సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపు గానీ స్టీల్ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి, కొన్ని వందల్లో అయిపోతుంది, పై గిన్నెని వెలుతురుకి ఎత్తి పట్టి చిల్లులు సన్నగా సమానంగా ఉన్నాయా చూడండి. ఇత్తడి ఫిల్టర్ మోజుంటే కొనుక్కోండి, చూడ్డానికి బంగారంలా ఉంటుంది, కానీ లోపల కళాయి, అంటే తగరం పూత ఉండాలి, అది పోయినప్పుడల్లా వేయించాలి, హైదరాబాద్‌లో కళాయి వేసేవాళ్ళని వెతుక్కునే ఓపిక నాకైతే లేదు. రుచిలో తేడా నాకు తెలీలేదు, తెలిసిందనేవాళ్ళతో వాదించను.

ఇక మోకా పాట్. ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి 1933లో తెచ్చిన అల్యూమినియం కూజా, ఎనిమిది పలకలది, ఫోటోల్లో చూసే ఉంటారు. మోకా అనే పేరు యెమెన్‌లో మోఖా అనే రేవు పట్నం నుంచి వచ్చింది, ఒకప్పుడు కాఫీ ఓడలెక్కింది అక్కడే. యెమెన్ అంటే మనకి దూరమేం కాదు, మన హైదరాబాద్ బార్కస్‌లో ఉన్న చాలామంది పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చినవాళ్ళే, చాయ్ ఊరని పేరు పడిన హైదరాబాద్‌కి కాఫీతో చుట్టరికం అటు నుంచి కూడా ఉందన్నమాట. సరే, దారి తప్పా.

ఇది పనిచేసే తీరు బాగుంటుంది. అడుగు గదిలో నీళ్ళు, మధ్యలో గరాటులాంటి బుట్టలో పొడి, పైన ఖాళీ గది. మంట తగలగానే అడుగున గాలీ ఆవిరీ పెరిగి నీళ్ళని కిందినుంచి పొడి గుండా పైకి తోస్తాయి. ఆ తోపుడు 1.5 బార్ దగ్గర్లో ఉంటుంది, కెఫేల్లో అసలు ఎస్ప్రెస్సో మెషీన్‌ది 9 బార్. కాబట్టి ఇంట్లో ఎస్ప్రెస్సో అని డబ్బా మీద రాసున్నా నమ్మకండి, ఆ నురగ రాదు, ఆ చిక్కదనం రాదు. అయితే ఏంటి, వచ్చేది వాసనగా, ఘాటుగా, శుభ్రంగా ఉంటుంది, పాలు లేకుండా తాగితే ఫిల్టర్ డికాక్షన్ కంటే ఇదే నాకిష్టం. పైగా మొత్తం ఆరేడు నిమిషాలు.

నా మొదటి మోకా కాఫీ కథ చెప్పాలి. ఇంట్లో ఉన్న 60:40 పొడినే, అంటే నలభై వంతులు చికోరీ ఉన్నదాన్ని, బుట్ట నిండా కూరి పైనుంచి చెంచాతో అదిమి పెట్టా, ఫిల్టర్‌లో బిళ్ళతో అదుముతాం కదా ఆ అలవాటు. రెండు నిమిషాలు నిశ్శబ్దం, తర్వాత పక్కనున్న బుల్లి వాల్వ్ లోంచి సుయ్యిమని ఆవిరి, వంటింట్లోంచి నేను పరుగు, హాల్లోంచి మా ఆవిడ కేకలు. చికోరీ ఉబ్బి దారి మూసేసింది, నీళ్ళు ఎక్కే దారి లేక ఒత్తిడి వాల్వ్ లోంచి పోయింది. వాల్వ్ పెట్టింది అందుకే, దాని పని అది చేసింది, తప్పు నాది. అప్పట్నుంచి మోకాలో చికోరీ లేని పొడి మాత్రమే, బుట్ట నిండా వేసి వేలితో చదును చేయడమే, అదమడం లేదు. నీళ్ళు వాల్వ్ కిందికే ఉండాలి. వాల్వ్‌ని ఎప్పుడూ మనుషుల వైపు తిప్పి పెట్టకండి.

మంట సిమ్‌లోనే. కాఫీ తేనెలా మెల్లగా కారుతూ రావాలి, చిమ్మితే మంట ఎక్కువైనట్టు. రంగు లేత పసుపుకి తిరిగి గుర్రు గుర్రుమని గొంతు పుక్కిలించిన చప్పుడు మొదలైందా, వెంటనే దించి అడుగుభాగం ట్యాప్ కింద పెట్టండి, ఆ చప్పుడు వచ్చాక వచ్చేదంతా ఆవిరీ చేదూ. మోకా కాఫీ కాలిన వాసనొస్తుందని తిట్టేవాళ్ళలో చాలామంది ఆ చప్పుడు వచ్చాక కూడా ఇంకా ఉంది కదా అని ఆశపడి ఉంచేవాళ్ళే. అడుగున చల్ల నీళ్ళకి బదులు వేడి నీళ్ళు పోసి మొదలెడితే పొడి ఎక్కువసేపు వేడెక్కదు, నాకు రుచి బాగుంటుంది, కానీ బిగించేటప్పుడు గుడ్డతో పట్టుకోవాలి, పొద్దున్నే నిద్రమత్తులో చేయి కాల్చుకునే రకం అయితే చల్ల నీళ్ళే నయం.

సైజుల దగ్గర మళ్ళీ మోసం, మోసమంటే వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ కప్పు వేరు మన కప్పు వేరు. మోకా లెక్కలో ఒక కప్పంటే దగ్గర దగ్గర 50 మిల్లీలీటర్లు. ఆరు కప్పులది అంటే ఆరుగురికి మన గ్లాసులు నిండుతాయనుకోకండి. మూడు కప్పులది ఒక మనిషికి బ్లాక్‌గా సరిపోతుంది, పాలతో అయితే ఇద్దరికి. ఇంకోటి, సగం పొడి సగం నీళ్ళు వేసి తక్కువ చేసుకోవడం దీంట్లో కుదరదు, బుట్ట నిండాల్సిందే. కాబట్టి రోజూ ఎంత తాగుతారో అంత సైజే కొనాలి, ముందు ముందు పెరుగుతుందని కాదు.

మన స్టవ్‌లతో చిన్న తంటా ఉంది. మూడు కప్పుల మోకా అడుగు చిన్నది, మన గ్యాస్ స్టవ్ కాళ్ళ మధ్య ఖాళీ ఎక్కువ, నిలబడదు, ఒరిగిపోతుంది. దానికి ప్రత్యేకంగా స్టాండ్ అమ్ముతారు గానీ అవసరం లేదు, పుల్కాలు కాల్చే జాలీ వేసి దాని మీద పెట్టండి. చిన్న బర్నర్ వాడండి, మంట అంచు దాటి పైకొస్తే ప్లాస్టిక్ పిడి కరుగుతుంది, నాది కరిగింది. ఇండక్షన్ ఉన్నవాళ్ళు, మాదాపూర్, అమీర్‌పేట్ హాస్టళ్ళలో ఉండే పిల్లలు ముఖ్యంగా, అల్యూమినియంది కొంటే ఆ పొయ్యి మీద వేడెక్కదు, ఇండక్షన్ బేస్ ఉన్న స్టీల్‌ది తీస్కోవాలి, రేటు ఎక్కువే. లోపలి రబ్బరు రింగ్ ఏడాదికో రెండేళ్ళకో గట్టిపడి ఆవిరి పక్కలనుంచి లీకవుతుంది, కొనేటప్పుడే ఆ సైజ్ రింగ్ విడిగా దొరుకుతుందా అడగండి, దొరక్కపోతే మొత్తం పాట్ కాటాకి వేయాల్సిందే. అల్యూమినియందాన్ని స్టీల్ పీచుతో తోమొద్దు, డిష్‌వాషర్‌లో అస్సలు వద్దు, నల్లబడుతుంది. వేడి నీళ్ళతో కడిగి తుడిచి, బిగించకుండా విడివిడిగా ఆరబెట్టండి.

టర్కిష్ పద్ధతి మూడోది. పొడుగు పిడి ఉన్న చిన్న గిన్నె, పొడి మైదాలా మెత్తగా, మనిషికి 7 గ్రాములు, 65 మిల్లీలీటర్ల చల్ల నీళ్ళు, చక్కెర కావాలంటే ముందే. సన్న మంట మీద పెట్టి కళ్ళు తిప్పకుండా చూస్తుంటే నురగ అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ పైకి లేస్తుంది, పొంగే ముందే దించాలి. వడకట్టడం ఉండదు, పొడి అడుక్కి దిగేదాకా రెండు నిమిషాలు ఆగి పైది తాగాలి. టర్కీ వాళ్ళ ఈ కాఫీ సంప్రదాయాన్ని 2013లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. చిక్కదనంలో దీన్ని కొట్టేది లేదు, ఎందుకంటే పొడి కొంత మీరే తాగేస్తారు. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక చిన్న కప్పుతో బాగుంటుంది, రోజూ పొద్దున పిల్లల లంచ్ బాక్స్ మధ్యలో ఆ నురగని కాపలా కాయడం మన వల్ల కాదు. పాలతో అస్సలు ట్రై చేయకండి. ఆ గిన్నె కొనకుండా పోపు గిన్నెలో చేద్దామని తెలివి చూపించా ఒకసారి, ఎంత తోమినా ఇంగువ కాఫీ వచ్చింది.

ఉన్న గిన్నెలోనే చేసేది మన పెద్దవాళ్ళ పద్ధతి, దీనికి పైసా ఖర్చు లేదు. నీళ్ళు మరిగాక స్టవ్ ఆపేసి పొడి వేసి కలిపి మూతపెట్టి నాలుగైదు నిమిషాలాగి పల్చటి నూలు గుడ్డలో వడకట్టడమే. స్టవ్ ఆపాక వేయడమే కిటుకు, పొడి వేసి కుతకుతా మరిగిస్తే విషంలా చేదు. పదిమంది చుట్టాలొస్తే ఇదే దిక్కు, పది మోకా పాట్‌లు పెట్టలేం కదా. డికాక్షన్ ఫిల్టర్‌దంత చిక్కగా రాదు, కాబట్టి పాలు తగ్గించి పోసుకోవాలి.

పర్కొలేటర్ అని పెద్ద కెటిల్ లాంటిది కూడా ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది, మధ్యలో గొట్టం ఉంటుంది, కాఫీ మళ్ళీ మళ్ళీ పైకెక్కి అదే పొడి మీద పడుతుంటుంది. కాగిన కాఫీనే మళ్ళీ కాచడం. స్ట్రాంగ్‌గా అనిపిస్తుంది, అది స్ట్రాంగ్ కాదు మాడు. వద్దు. కుక్కర్ గొట్టానికి తగిలించి పాలు నురగ తెప్పించే పైపులూ ఉన్నాయి, కాఫీ చేయవు, పాలకి నురగే, ఒత్తిడితో ఆటలు ఇంట్లో పిల్లలుండగా నేనైతే ఒప్పుకోను. మన చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో బుస్సుమని ఆవిరి కొట్టి ఇచ్చే "ఎక్స్‌ప్రెస్ కాఫీ" గుర్తుందా, పైన చాక్లెట్ పొడి చల్లేవాళ్ళు, దాని కోసం రెండుసార్లు లైన్లో నిలబడేవాళ్ళం, అదీ లోపల ఇన్‌స్టంట్ పొడీ నురగ పాలే. ఆ రుచి కావాలంటే ఇన్‌స్టంట్ చక్కెర వేసి గిలక్కొట్టుకోండి, ఇంకేం కొనక్కర్లేదు.

పొడి సంగతి చెప్పకపోతే ఇదంతా దండగ. నేను చూసిందేంటంటే సామాను మార్చినప్పుడు వచ్చిన తేడా కంటే పొడి మార్చినప్పుడు వచ్చిన తేడా ఎక్కువ. ఎదురుగా వేయించి మిషన్ పట్టించే కొట్టు దగ్గర్లో ఉంటే ప్యాకెట్లు మానేయండి. అక్కడ రెండు ప్రశ్నలు అడుగుతారు, చికోరీ ఎంత, దేనికి పట్టాలి అని. ఫిల్టర్‌కి అయితే 80:20తో మొదలెట్టండి, ఇంకా చిక్కగా కావాలంటే 70:30, అంతకంటే ఎక్కువ చికోరీకి వెళ్తే కాఫీ వాసన పోతుంది. ప్యాకెట్ కొంటే వెనక్కి తిప్పి శాతం చదవండి, కాఫీ చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదన్నది రూలు, కొన్ని 53:47 ఉంటాయి, అంటే గీత మీద నడుస్తున్నట్టే. బోర్డు మీద ప్లాంటేషన్ ఏ అని ఉంటే కడిగి ఆరబెట్టిన అరబికాలో పెద్ద గింజ, రోబస్టా చెర్రీ అంటే పండుతో సహా ఎండబెట్టిన రోబస్టా, పీబెర్రీ అంటే పండులో రెండు గింజలకి బదులు ఒక్కటే గుండ్రంగా పెరిగింది. పీబెర్రీ అనగానే ఎక్కువ డబ్బులిచ్చేస్తారు, గుండ్రంగా ఉండటం వల్ల సమానంగా వేగుతుందంటారు, నా నాలికకి మాత్రం ఎక్కువ డబ్బులంత తేడా కనపడలేదు.

నేను పాల కాఫీకి ప్లాంటేషన్ మూడొంతులు, రోబస్టా ఒక వంతు, ఆ మొత్తం మీద చికోరీ ఇరవై శాతం చెప్తా. రోబస్టా లేకపోతే పాలల్లో గొంతు వినపడదు. మోకాకి ఒట్టి అరబికా, మీడియం రోస్ట్, చికోరీ జీరో. ఇక్కడ మన అరకుది బాగుంటుంది, 2019లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, మెత్తని రుచి, బ్లాక్‌గా తాగితేనే దాని విలువ తెలుస్తుంది, ఫుల్ క్రీమ్ పాలల్లో పోసి అరకు అరకు అని మురిసిపోవడం పట్టుచీర మీద రెయిన్‌కోట్ వేసుకున్నట్టు. మెత్తదనం విషయానికొస్తే మోకాకి మెత్తటి ఉప్పులా, ఫిల్టర్‌కీ దాదాపు అంతే. ఇంట్లో మిక్సీలో కొడతా అంటారా, సగం పిండి సగం రవ్వ అవుతుంది, పిండి అడ్డం పడుతుంది, రవ్వలోంచి ఏం దిగదు. పావు కిలో కంటే ఎక్కువ ఒకేసారి పట్టించకండి, పొడి కొట్టిన రెండు మూడు వారాలకి వాసన పోతుంది.

నీళ్ళు ఇంకోటి, ముఖ్యంగా బోరు మీద బతికే అపార్ట్‌మెంట్లకి. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునే ఆ సున్నం మోకా అడుగు గదిలోనూ వాల్వ్ లోనూ పేరుకుంటుంది, వాల్వ్ మూసుకుపోతే ప్రమాదం. మంజీరా నీళ్ళు వచ్చే ఇళ్ళు పర్లేదు, ట్యాంకర్, బోరు అయితే తాగే ఫిల్టర్ నీళ్ళే పోయండి. మన ఊరు సముద్రానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, స్టవ్ ఆపి అర నిమిషం ఆగి ఫిల్టర్‌లో పోస్తే కాఫీకి కావాల్సిన వేడికి సరిగ్గా వచ్చేస్తాయి, థర్మామీటర్ గోల అక్కర్లేదు. పాలు ఫుల్ క్రీమ్ అయితే 6 శాతం వెన్న, టోన్డ్ అయితే 3. టోన్డ్ పాలు పోసి కాఫీ పల్చగా ఉందని కొత్త మోకా కొనేవాళ్ళని చూశా, ముందు పాల ప్యాకెట్ మార్చి చూడండి, నలభై రూపాయల్లో తేలిపోయే విషయం.

ఇప్పుడు ఎవరికేది. ఇంట్లో నలుగురూ పాల కాఫీ, పొద్దునొకసారి సాయంత్రం ఒకసారి అంటే ఫిల్టరే, వేరే ఆలోచనే వద్దు, అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి దించిన రెండో డికాక్షన్ సాయంత్రం పల్చగా తాగేవాళ్ళకి సరిపోతుంది. ఒక్కరే ఉంటూ బ్లాక్ తాగితే మూడు కప్పుల మోకా. మొగుడూ పెళ్ళాల్లో ఒకరు బ్లాక్, ఒకరు పాలు అయితే చాలామంది మోకా కొని రెండూ అందులోనే లాగుదామనుకుంటారు, పాలవాళ్ళు అలుగుతారు, చిన్న ఫిల్టర్ కూడా కొనేయండి, గొడవల కంటే చౌక. హాస్టల్లో ఇండక్షన్ మీద ఉన్నవాళ్ళు కెటిల్లో నీళ్ళు కాచి ఫిల్టర్‌లో పోసుకోండి, దానికి స్టవ్ కూడా అక్కర్లేదు. డికాక్షన్ చేసి ఫ్రిజ్‌లో దాచి రోజంతా వాడుకునే రకం అయినా ఫిల్టరే, మోకా కాఫీ అప్పటికప్పుడు తాగాలి, చల్లారితే లోహం వాసన పట్టినట్టు ఉంటుంది నాకు.

మా వాడు ఇదంతా విని, "సరే బావా, అర్థమైంది" అని పెట్టేసి, వారం తర్వాత ఆఫర్ ఉందని ఆరు కప్పుల మోకా ఆర్డర్ పెట్టాడు. వాళ్ళింట్లో ఇండక్షన్ స్టవ్. ఇప్పుడది టీవీ పక్కన షోకేస్‌లో ఉంది. నిన్న పొద్దున ఆరింటికి మళ్ళీ ఫోను, ఈసారి వాళ్ళావిడ, "అన్నయ్యా, అమ్మ దగ్గర్నుంచి ఫిల్టర్ తెచ్చుకున్నా, అరగంట నుంచి చూస్తున్నా ఒక్క చుక్క దిగట్లేదు" అని. పై గిన్నె కొంచెం ఎత్తి మళ్ళీ పెట్టమ్మా అన్నా. ఫోన్లోనే వినపడింది, టప్ టప్ టప్.